ముదిరిన ప్రోస్టేటు క్యాన్సరుకు రేడియోధార్మిక మందు

అరవై దాటిన మగవారిలో మూత్రం ధార సన్నబడటం, రాత్రిళ్ళు మూడు నాలుగుసార్లు లేవవలసి రావడం మనం ఇంటింటా చూస్తున్నదే. చాలామందిలో అది వయస్సుతోపాటు ప్రోస్టేటు గ్రంథి ఉబ్బడంవల్ల వచ్చే బాధేగాని క్యాన్సరు కాదు. కొందరిలో మాత్రం అదే గ్రంథిలో క్యాన్సరు పుట్టి, ఏ బాధా పెట్టకుండా ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. "నడుము నొప్పి, వాతం కాబోలు" అనుకుని తైలాలు రాసుకుంటూ కాలక్షేపం చేసి, చివరకు ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూసలకు పాకి ఉన్నదని బయటపడుతుంది.

అలా పాకిన క్యాన్సరుకు శరీరం లోపలినుంచే గురిచూసి కొట్టే రేడియోధార్మిక మందు ఒకటి కొన్నేళ్ళుగా వాడుకలోకి వచ్చింది. "లుటీషియం ఇంజెక్షను ఇప్పిస్తే పూర్తిగా నయమవుతుందట, నిజమేనా?" అని కొందరు, "ఆ మందు పడ్డ మనిషి పక్కన కూర్చుంటే మనకూ క్యాన్సరు వస్తుందట కదా?" అని కొందరు అడుగుతున్నారు. మొదటిది అతి ఆశ, రెండోది అతి భయం. రెండూ కుటుంబాలకు చేటు చేసేవే. కాబట్టి ఈవారం ఆ మందు సంగతి వివరంగా తెలుసుకుందాం.

ప్రోస్టేటు గ్రంథి ఎక్కడ ఉంటుంది?

మూత్రాశయం కిందుగా, మూత్రనాళాన్ని చుట్టుకుని, అక్రోటుకాయ అంత గ్రంథి ఒకటి మగవారికి ఉంటుంది. వీర్యంలో కలిసే ద్రవంలో కొంత భాగాన్ని తయారు చేయడం దీని పని. ఈ గ్రంథి కణాలు పి.ఎస్‌.ఎ. అనే ఒక మాంసకృత్తును తయారు చేస్తాయి. అది కొద్దిగా రక్తంలోకి వస్తుంది. క్యాన్సరు ఉన్నప్పుడు రక్తంలో దీని మోతాదు సాధారణంగా పెరుగుతుంది. గ్రంథి ఉబ్బినా, చీము పట్టినా కూడా పెరగవచ్చు. అందుచేత ఒక్క పి.ఎస్‌.ఎ. అంకె చూసి క్యాన్సరని తేల్చరు. గ్రంథినుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి.

క్యాన్సరు గ్రంథిలోనే ఉన్నప్పుడు కనిపెడితే ఆపరేషనుతోగాని, బయటినుంచి ఇచ్చే రేడియేషనుతోగాని పూర్తిగా నయం చేసే అవకాశం ఉంది. బయటికి పాకిన తరువాత అదుపులో ఉంచడమే వైద్యుని లక్ష్యం. ఈ తేడా మొదటే మనస్సులో ఉంచుకోవాలి.

హార్మోను చికిత్స పనిచేయకపోతే

ప్రోస్టేటు క్యాన్సరుకు మేత మగ హార్మోను. దాన్ని ఆపితే క్యాన్సరు కుంచించుకుపోతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే వైద్యుడు నిరూపించాడు. అందుకు ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటికీ పాకిన ప్రోస్టేటు క్యాన్సరుకు పునాది చికిత్స అదే. చిన్న ఆపరేషనుతో వృషణాలు తీసివేయవచ్చు. లేదా నెలకో, మూడు నెలలకో ఒకసారి ఇంజెక్షను వేయవచ్చు. ఆపరేషను ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చు తక్కువ. ఫలితం రెండింటిలోనూ దాదాపు ఒకటే.

దీనికి తోడు అబిరాటెరోను, ఎంజాలుటమైడు వంటి మాత్రలు, డోసిటాక్సెల్ అనే కీమోథెరపీ మందు ఉన్నాయి. ఇవన్నీ కలిసి చాలామందికి ఏళ్ళ తరబడి ఆరోగ్యాన్ని ఇస్తున్నాయి. అయితే ఎప్పుడో ఒకప్పుడు, హార్మోను అడుగంటి ఉన్నా సరే, క్యాన్సరు పెరిగే ఉపాయం నేర్చుకుంటుంది. పి.ఎస్‌.ఎ. మళ్ళీ ఎక్కుతుంది, కొత్త ఎముకల్లో మచ్చలు కనబడతాయి. హార్మోను చికిత్సకు లొంగని ఈ దశలోనే రేడియోధార్మిక మందు ప్రసక్తి వస్తుంది.

మందు గురి ఎలా చూస్తుంది?

ప్రోస్టేటు క్యాన్సరు కణాల పైపొర మీద పి.ఎస్‌.ఎం.ఎ. అనే ఒక మాంసకృత్తు చాలా ఎక్కువగా ఉంటుంది. పేరు పి.ఎస్‌.ఎ.కు దగ్గరగా ఉన్నా రెండూ వేరు. పి.ఎస్‌.ఎ. రక్తంలో కలుస్తుంది, పి.ఎస్‌.ఎం.ఎ. కణాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని తాళం అనుకుంటే, ఆ తాళానికి సరిపోయే తాళంచెవిలాంటి చిన్న అణువును జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రజ్ఞులు తయారు చేశారు. ఆ తాళంచెవికి లుటీషియం-177 అనే రేడియోధార్మిక లోహాన్ని తగిలిస్తారు.

నరంలోకి ఎక్కించిన మందు రక్తంతోపాటు ఒళ్ళంతా తిరిగి, క్యాన్సరు కణం కనబడిన చోట అతుక్కుని లోపలికి పోతుంది. అక్కడ లుటీషియం బీటా కిరణాలను వెలువరిస్తుంది. ఆ కిరణాలు కండలో రెండు మిల్లీమీటర్లకు మించి పోవు. కాబట్టి దెబ్బ చాలావరకు క్యాన్సరు కణాలకే తగులుతుంది. ఎముకలో ఉన్నా, గ్రంథుల్లో ఉన్నా, కంటికి కనబడనంత చిన్న గడ్డ అయినా మందు అక్కడికి చేరగలదు. బయటినుంచి ఇచ్చే రేడియేషనుకు ఈ సౌకర్యం లేదు.

లుటీషియం కొద్దిగా గామా కిరణాలను కూడా వెలువరిస్తుంది. అవి శరీరం దాటి బయటికి వస్తాయి. మందు ఎక్కడెక్కడికి చేరిందో కెమేరాతో ఫొటో తీయడానికి అవే ఉపయోగపడతాయి. ఇంట్లో కొద్దిరోజులు జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి కారణమూ అవే.

ఎంత మేలు చేస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు అంకెల్లోనే చెప్పాలి. విజన్ అనే పేరుతో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అందులో 831 మంది రోగులు పాల్గొన్నారు. అందరూ హార్మోను మాత్రలూ, కీమోథెరపీ వాడి, వ్యాధి ముదిరినవారే. కొందరికి మామూలు చికిత్సతోపాటు లుటీషియం మందు ఇచ్చారు. కొందరికి మామూలు చికిత్స మాత్రమే ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో సగంమంది 15.3 నెలలకు మించి బతికారు. తీసుకోనివారిలో ఆ అంకె 11.3 నెలలు. స్కానులో వ్యాధి పెరిగినట్టు కనబడే గడువు 3.4 నెలలనుంచి 8.7 నెలలకు పెరిగింది. దీని ఆధారంగా 2022 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

నాలుగు నెలలేనా అని మీరు నిరుత్సాహపడవచ్చు. అది అందరి మధ్యలో నిలిచే అంకె. కొందరికి ఈ మందు బొత్తిగా పనిచేయదు. కొందరికి ఎముకల నొప్పులు తగ్గి, మంచం దిగి నడిచి, ఏడాది రెండేళ్ళు హాయిగా గడిచిపోతాయి. ఎవరు ఏ కోవలోకి వస్తారో ముందుగా కచ్చితంగా చెప్పలేరు. కాని రెండు విడతలయ్యేసరికి చాలావరకు తెలిసిపోతుంది.

పరిశోధనలో ఏరి తీసుకున్న రోగులు వేరు, రోజూ ఆస్పత్రికి వచ్చేవారు వేరు అని మీరు అనుమానించవచ్చు. అది న్యాయమైన అనుమానమే. జర్మనీలో 12 ఆస్పత్రుల్లో మామూలుగా చికిత్స పొందిన 145 మంది వివరాలను 2017లో ప్రచురించారు. వారిలో నూటికి 45 మందికి పి.ఎస్‌.ఎ. సగానికి సగమో, అంతకన్నా ఎక్కువో తగ్గింది. విజన్ పరిశోధనలో కూడా ఇంచుమించు అంతే. అంటే నిత్య వైద్యంలోనూ సుమారు సగంమందికి మందు గట్టిగా పనిచేస్తున్నదన్నమాట. మిగతా సగంలో కొందరికి కొద్దిగా పనిచేస్తుంది, కొందరికి లేదు.

కీమోథెరపీకి ముందే దీన్ని ఇవ్వవచ్చునా అని మరో పరిశోధన జరిగింది. వ్యాధి పెరగకుండా ఆగిన కాలం ఎక్కువైంది గాని, ఆయుర్దాయంలో స్పష్టమైన తేడా కనబడలేదు. పోల్చిచూసిన రెండో జట్టులో చాలామంది తరువాత ఇదే మందు తీసుకోవడం అందుకు ఒక కారణం. 2025 మార్చిలో, కీమోథెరపీని వాయిదా వేయదగిన రోగులకు కూడా అమెరికాలో అనుమతి ఇచ్చారు.

ఎవరికి తగును? ఎవరికి తగదు?

ముందుగా పి.ఎస్‌.ఎం.ఎ. పెట్ స్కాను తీయాలి. అదే తాళంచెవికి గాలియం వంటి, ఫొటోకు మాత్రమే పనికివచ్చే రేడియోధార్మిక పదార్థాన్ని తగిలించి తీసే స్కాను ఇది. గడ్డలు దీపాల్లా వెలిగితే మందు వాటికి చేరుతుందని అర్థం. వెలగకపోతే మందు ఇచ్చి ప్రయోజనం లేదు. విజన్ పరిశోధనకు స్కాను తీసిన 1003 మందిలో 869 మంది మాత్రమే తగినవారని తేలింది. అంటే ఎనిమిది మందిలో ఒకరికి, ఎంత డబ్బున్నా, ఈ మందు వద్దనే చెప్పవలసి వచ్చింది.

స్కానుతోపాటు రక్తంలో హిమోగ్లోబిను, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూడాలి. క్యాన్సరు ఎముకల మూలుగంతా ఆక్రమించి ఉంటే రక్తకణాలు ముందే తగ్గి ఉంటాయి. మందు వాటిని ఇంకా తగ్గిస్తుంది. మూత్రపిండాలు బాగా పనిచేయాలి, ఎందుకంటే మిగిలిన మందు అంతా వాటిగుండానే బయటికి పోవాలి. మూత్రం అడ్డుపడి మూత్రపిండాలు ఉబ్బి ఉంటే ముందు ఆ అడ్డు తొలగించాలి. గ్రంథులకు మాత్రమే పాకినవారికి ఈ మందు బాగా పనిచేస్తుంది. కాలేయానికి పాకితే ఫలితం తక్కువ. ఎప్పుడూ మంచంమీదే ఉండి, తన పనులు తాను చేసుకోలేని స్థితికి వచ్చినవారికి సాధారణంగా ఇవ్వరు.

చికిత్స ఎలా జరుగుతుంది?

ఇది న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో, అనుమతి పొందిన ఆస్పత్రుల్లో మాత్రమే జరగాలి. మన దేశంలో ఇందుకు నియమాలు పెట్టేది అణుశక్తి నియంత్రణ మండలి. లుటీషియం-177ను ట్రాంబేలోని ధ్రువ రియాక్టరులో మనవారే తయారు చేస్తున్నారు. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు ఈ చికిత్స చేసి, తమ ఫలితాలను 2017లోనే ప్రచురించారు.

ఒక్కొక్క విడతకు మామూలు మోతాదు 200 మిల్లీక్యూరీలు. ఆరు వారాలకొకసారి, మొత్తం ఆరు విడతలదాకా ఇస్తారు. ఇంజెక్షను అరగంటలోపే అయిపోతుంది. నొప్పి ఉండదు, జుట్టు రాలదు, మత్తు ఇవ్వరు. ఆ తరువాత ఒకటి రెండు రోజులు ప్రత్యేకమైన గదిలో ఉంచి, శరీరంనుంచి వచ్చే కిరణాలను కొలిచి, నిర్ణీత మట్టానికి తగ్గాక ఇంటికి పంపుతారు. ఆ గదిలోకి చుట్టాలను రానివ్వరు. ఇది ముందే తెలియక పెద్దవాళ్ళు బెంబేలెత్తిపోతుంటారు. చదువుకోవడానికి పుస్తకాలు, మాట్లాడుకోవడానికి ఫోను ఇచ్చి పంపండి.

ఈ మందు నిలవ ఉండేది కాదు. 6.6 రోజులకొకసారి దాని బలం సగమవుతుంది. ఫలానా రోగికి ఫలానా తేదీకి అని లెక్కకట్టి తెప్పిస్తారు. కాబట్టి ఇచ్చిన తేదీకి తప్పకుండా వెళ్ళాలి. "ఆరోజు మంచిది కాదు, ఎల్లుండి వస్తాం" అంటే కుదరదు. జ్వరంగాని, మూత్రం బంద్ కావడంగాని జరిగితే మాత్రం ముందురోజే కబురు చేయండి.

ప్రతి విడతకూ ముందు, మధ్యలో రక్తపరీక్షలు చేస్తారు. రక్తకణాలు బాగా తగ్గితే తరువాతి విడత వాయిదా వేస్తారు. హార్మోను ఇంజెక్షను ఈ చికిత్స జరుగుతున్నంతకాలం ఆపకూడదు. రెండు విడతల తరువాత పి.ఎస్‌.ఎ. పెరుగుతూనే ఉండి, కొత్త గడ్డలు కనబడితే మందు మానేసి వేరే దారి చూడటమే మంచిది. ఆరు అన్నారు కదా అని ఆరూ పూర్తిచేయాలన్న పట్టుదల పనికిరాదు. అలాగే, వ్యాధి బాగా అణిగితే మధ్యలో విరామం ఇచ్చి, మళ్ళీ లేచినప్పుడు మిగిలిన విడతలు ఇచ్చే పద్ధతీ ఉంది.

ఏ బాధలు కలుగుతాయి?

నోరు ఎండిపోవడం ఈ మందుకు ప్రత్యేకమైన బాధ. లాలాజల గ్రంథుల్లోకి కూడా మందు చేరడమే దీనికి కారణం. విజన్ పరిశోధనలో నూటికి 39 మందికి ఇది కలిగింది, చాలామందికి స్వల్పంగానే. మాటిమాటికి గుక్కెడు నీళ్ళు తాగడం, అన్నం పలచని మజ్జిగతోనో, చారుతోనో మెత్తగా కలిపి పెట్టడం, ఆవకాయవంటి కారాలు తగ్గించడం, రెండుపూటలా పళ్ళు తోముకోవడం ఉపకరిస్తాయి. నోట్లో లాలాజలం తగ్గితే పళ్ళు త్వరగా పుచ్చుతాయి. కాబట్టి చికిత్సకు ముందే ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించడం మంచిది.

నీరసం నూటికి 43 మందికి, వికారం 35 మందికి కలిగింది. రక్తహీనత గట్టిగా వచ్చినవారు నూటికి 13 మంది. అలాంటివారికి రక్తం ఎక్కించవలసి రావచ్చు. జ్వరం వచ్చినా, చిగుళ్ళనుంచి, ముక్కునుంచి రక్తం కారినా, ఆయాసం ఎక్కువైనా ఇంట్లో మాత్రలు వేసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇంకొక హెచ్చరిక. ఎముకలకు పాకిన రోగికి నడుము నొప్పి హఠాత్తుగా ఎక్కువై, కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రవిసర్జన మీద అదుపు పోతున్నా, వెన్నుపాము నొక్కుకుపోతున్నదని అనుమానించాలి. దానికి గంటల్లో వైద్యం జరగాలి. లుటీషియం తేదీ వచ్చేదాకా ఆగితే కాళ్ళు శాశ్వతంగా పడిపోవచ్చు.

ఇంటికి వచ్చాక

మందు ఎక్కువభాగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. కాబట్టి నీళ్ళు బాగా తాగించాలి. మూత్రం కూర్చునే పోయాలి, చింది పడకూడదు. తరువాత రెండుసార్లు ధారాళంగా నీళ్ళు పోసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మూత్రపు గొట్టం, సంచి ఉన్నవారికి ఊడిగం చేసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. రోగి బట్టలు, దుప్పట్లు వేరుగా ఉతకాలి.

రెండు రోజులు ఇంట్లోవారు మూడడుగుల దూరం పాటించాలి. మూడు రాత్రులు వేరే గదిలో పడుకోవాలి. చిన్నపిల్లలు, గర్భిణీలు ఏడు రోజులు దగ్గరకు చేరకూడదు. పడక విషయంలో పిల్లలకు ఏడు రోజులు, గర్భిణీలకు పదిహేను రోజులు ఎడం ఉండాలి. దాంపత్యం ఏడు రోజులు మానాలి. మీ ఆస్పత్రివారు ఇంతకన్నా ఎక్కువ రోజులు చెబితే వారి మాటే పాటించండి. కొంతకాలంపాటు విమానాశ్రయాల్లో ఉండే పరికరాలు మోగవచ్చు. ఆస్పత్రి ఇచ్చిన చీటీ దగ్గర ఉంచుకోవాలి.

చెప్పడానికి కష్టమైనా చెప్పవలసిన మాట మరొకటి ఉంది. మందు తీసుకున్న కొద్దిరోజుల్లోనే రోగి చనిపోతే, అంత్యక్రియలకు ముందు ఆ ఆస్పత్రికి తెలియజేసి, వారి సలహా తీసుకోవాలి.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మావారికి ఈ ఇంజెక్షను వేయించబోతున్నాం. నలభై ఏళ్ళుగా నా చేత్తో వడ్డించనిదే ఆయన భోంచేయరు. మూడు రోజులు అంటరానివారిలా గదిలో పెట్టడానికి నాకు మనస్సు ఒప్పడం లేదు. — ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అంటరానితనానికీ, దీనికీ సంబంధం లేదు అమ్మా. ఇది అంటువ్యాధి కాదు. ఆయన కంచంలో వడ్డించి, కంచం అందించి, మూడడుగులు ఎడంగా కుర్చీ వేసుకుని కూర్చుని కబుర్లు చెప్పండి. అందులో ఏ ప్రమాదమూ లేదు. ఆయన తిన్న కంచం, గ్లాసు మామూలుగా సబ్బుతో కడిగితే చాలు. కిరణాల ప్రభావం దగ్గరితనాన్నిబట్టి, కాలాన్నిబట్టి ఉంటుంది. రాత్రంతా పక్కన పడుకోవడం వేరు, అన్నం అందించడం వేరు. మీరు భయపడకుండా మసలుకుంటే ఆయనకు సగం ధైర్యం వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి ఏడో నెలలో మా ఇంటికి వస్తున్నది. అదే నెలలో నాకు రెండో విడత ఉంది. ఏది వాయిదా వేయాలి? — ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: వీలుంటే అమ్మాయి ప్రయాణాన్ని మీ ఇంజెక్షను తరువాత పదిహేను రోజులకు పెట్టుకోండి. ఆ వ్యవధి లేకపోతే ఆ రోజులు మీరు దగ్గరి బంధువుల ఇంట, పిల్లలూ గర్భిణీలూ లేనిచోట ఉండవచ్చు. తేదీలు చెప్పి మీ డాక్టరుగారితో మాట్లాడండి; కొద్దిరోజులు అటూ ఇటూ జరపడం ఒక్కొక్కసారి సాధ్యమే. పుట్టిన మనవణ్ణి ఎత్తుకోవడానికీ ఇలాగే లెక్క వేసుకోండి. ఇంజెక్షను అయిన వారం తరువాత నిశ్చింతగా ఎత్తుకోవచ్చు.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. గ్రంథిలో మాత్రమే క్యాన్సరు ఉన్నదన్నారు. ఆపరేషను బదులు ఈ ఇంజెక్షను వేయించుకోవచ్చునా? — ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: వద్దు. మీ వ్యాధి పూర్తిగా నయం కాగల దశలో ఉంది. ఆపరేషనో, రేడియేషనో మీకు ఆ అవకాశం ఇస్తాయి. ఈ మందు ఇవ్వదు. కొత్తదల్లా అందరికీ మంచిది కాదు.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు. క్యాన్సరు ఎముకలకు పాకింది. ఆరు విడతలు ఇప్పించాలంటే మాకున్న మూడెకరాల్లో ఒకటిన్నర ఎకరం అమ్మాలి. చెల్లెలి పెళ్ళి ఇంకా కాలేదు. అమ్మకపోతే నాన్నను చంపుకున్నవాణ్ణి అవుతానేమోనని నిద్ర పట్టడం లేదు. — ఒక పాఠకుడు, తెనాలి దగ్గర

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. ఒక్కొక్క విడత ఖర్చు చాలా ప్రైవేటు ఆస్పత్రుల్లో లక్ష రూపాయలు దాటుతుంది. కాబట్టి పొలం బేరం పెట్టేముందు వరసగా ఈ పనులు చేయండి.

మొదట, హార్మోను మాత్రలు, డోసిటాక్సెల్ వాడి చూశారా అని డాక్టరుగారిని అడగండి. వాడకపోతే వాటికింకా చోటుంది. డోసిటాక్సెల్ పాతమందే, ఖర్చు తక్కువ. ఈ మందును కబాజిటాక్సెల్ అనే కీమోథెరపీతో పోల్చి ఆస్ట్రేలియాలో 200 మందిమీద పరిశోధన చేశారు. పి.ఎస్‌.ఎ. సగానికి తగ్గినవారు లుటీషియంతో నూటికి 66 మంది, కీమోతో 37 మంది. బాధలు కూడా లుటీషియంతోనే తక్కువ. కాని ఇరువైపులవారూ బతికిన కాలం ఇంచుమించు ఒకటే. అంటే లుటీషియం ఇప్పించలేకపోతే అన్ని దారులూ మూసుకుపోయినట్టు కాదు.

రెండు, పి.ఎస్‌.ఎం.ఎ. స్కాను తీయించి, నాన్నగారు ఈ మందుకు తగునో కాదో తేల్చుకోండి. తగకపోతే పొలం ప్రశ్నే లేదు.

మూడు, తగితే ఆరు విడతలకూ ఒకేసారి డబ్బు సమకూర్చుకోనక్కరలేదు. రెండింటికి చూసుకోండి. ఆ రెండూ అయ్యాక పి.ఎస్‌.ఎ. ఎంత తగ్గింది, నొప్పి తగ్గిందా, మనిషి తిరుగుతున్నారా అన్నది చూసి మూడోదానికి వెళ్ళండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ, ట్రస్టు ఆస్పత్రుల్లోనూ ఖర్చు కనుక్కోండి. మీ ఆరోగ్య బీమాలోగాని, ప్రభుత్వ పథకంలోగాని ఎంత వస్తుందో రాతపూర్వకంగా అడగండి.

నాలుగు, ఇప్పించినా, ఇప్పించకపోయినా నొప్పికి వైద్యం ఆపకండి. నొప్పిగా ఉన్న ఎముకకు ఒక్కరోజు ఇచ్చే రేడియేషను చాలామందికి నొప్పి తగ్గిస్తుంది. మార్ఫిను మాత్రలు వైద్యుని సలహామీద వాడితే అలవాటుపడిపోతారన్న భయం అక్కరలేదు. 2014లో చట్టం సవరించిన తరువాత అవి దొరకడం కొంత సులువైంది. హైదరాబాదులో ఎం.ఎన్‌.జె. క్యాన్సరు ఆస్పత్రిలో ఇందుకోసం ప్రత్యేక విభాగం ఉంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఈ మందు నాన్నగారి వ్యాధిని నయం చేయదు. వారి రోజులను కొన్ని నెలలు పొడిగించవచ్చు, సుఖంగా గడపనివ్వవచ్చు. ఆ నెలల విలువ ఎంత అన్నది మీరొక్కరే నిర్ణయించవలసింది కాదు. ఆయన్నే అడగండి. పొలం ఆయనది, ప్రాణం ఆయనది. అన్నీ విన్న తరువాత "వద్దు, పిల్లదాని పెళ్ళి చెయ్యి" అని ఆయన అంటే, ఆ మాట మన్నించినందుకు మీరు కొడుకుగా ఏ తప్పూ చేసినట్టు కాదు. "చూద్దాం, వేయించు" అంటే పైన చెప్పిన వరుసలో వెళ్ళండి. వ్యాధి మీరు తెచ్చినది కాదు. మందు ఇప్పించకపోవడం చంపడమూ కాదు.

ప్రశ్న: మామగారికి క్యాన్సరు అని ఇంతవరకూ చెప్పలేదు. "ఎముకలకు బలం మందు" అని చెప్పి ఈ ఇంజెక్షను వేయించవచ్చునా? — ఒక కోడలు, అనంతపురం

జవాబు: వేయించలేరు, వేయించకూడదు. అంగీకార పత్రం మీద ఆయన సంతకం చేయాలి. ప్రత్యేక గదిలో ఒంటరిగా ఉండాలి. మూత్రం విషయంలో, మనవల విషయంలో జాగ్రత్తలు పాటించాలి. నిజం తెలియనివారు ఇవేవీ సరిగా చేయలేరు. పైగా ఏళ్ళ తరబడి ఇంజెక్షన్లు వేయించుకుంటున్న పెద్దమనిషికి ఏదో ఉన్నదని తెలియకుండా ఉండదు. మీరు దాస్తున్నారని తెలిసి, మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక ఆయనా దాస్తూ ఉండవచ్చు. మీ డాక్టరుగారి సమక్షంలో, మీ అత్తగారూ మీవారూ దగ్గర ఉండగా, ఆయన అడిగినంత మేరకు నెమ్మదిగా చెప్పండి. "పూర్తిగా నయం కాదుగాని అదుపులో పెట్టే మందు ఉంది, వేయించుకుంటారా?" అని అడగండి. జవాబు ఆయన్నే చెప్పనివ్వండి.